చెక్కు తిరిగొచ్చిన తేదీ

ఉదయగిరి,
10 జూన్ 2024

తమ్ముడు కోటేశ్వర్‌కు,

మీ బావ తుంటి ఆపరేషన్ కుట్లు ఆరినాయి. చేతికర్ర పట్టుకుని వాకిలి దాకా వస్తుండాడు. తిరిగి మంచం చేరేసరికి చొక్కా తడిసిపోతాది. ఇంక గొర్రెల మందల వెంట కొండెక్కడం ఈ జన్మకు లేదని డాక్టరు చెప్పినాడు కదా, ఆ మాట ఇంకా ఆయనకు ఒంటబట్టలేదు.

ఫోను ఉండగా ఉత్తరమేందని అనుకోబాక. మా ఇంట్లో ఉండేది ఒకటే గది. నేను ఫోనెత్తితే చాలు, "ఎవరు? పైకం పడిందంటనా?" అని మంచం మీద నుంచి అరుస్తాడు. వాకిట్లోకి పోతే కొండ అడ్డం, సిగ్నల్ రాదు. పిచ్చయ్య రోజూ పాలవ్యాను ఆత్మకూరుకు తోలతాడు, ఆయన చేత పంపిస్తుండాను. జవాబు కూడా ఆయన చేతికే ఇయ్యి.

అడిగేది ఒకటే. చెక్కు పైకం పడిందా?

మే ఇరవై రెండున నువ్వు తెచ్చిన బేరగాడు రాజమోహన్ లారీ వచ్చినప్పుడు నువ్వూ ఉన్నావు. ఎనభై రెండు జీవాలు, నలభై ఒక్క జతలు, జత పదిహేడు వేలు. తొంభై ఏడు వేలు చేతిలో పెట్టి, మిగతా ఆరు లక్షలకు ఇరవై నాలుగో తేదీ వేసి చెక్కు రాసిచ్చినాడు. నేను చెక్కు వద్దన్నాను. నువ్వు నన్ను దొడ్డి పక్కకు పిలిచి, "అక్కా, మా బ్రాంచిలో ఆయన మాట మీద లక్షలు నడస్తాయి. నేనున్నా గదా" అన్నావు. ఆ మాట మీద జీవాల్ని లారీ ఎక్కనిచ్చినాను. ఇరవై ఏడున చెక్కు నా ఖాతాలో వేసినానని నువ్వే ఫోను చేసినావు. పాసుపుస్తకం కూడా నీ దగ్గరే ఉండాది. ఇప్పటికి పద్నాలుగు రోజులు.

అన్నీ మా జీవాలే అయితే ఇంత ఆత్రం పడను. అందులో పదమూడు జతలు ఆదిశేషమ్మవి. మొగుడు పోయినాక ఆమెకు మిగిలింది అవే. మా మందలో కలిపి మేపినాము. పుట్టిన పిల్లల్లో సగం ఆమెకు, సగం మాకు. ఆమె వాటా రెండు లక్షల ఇరవై ఒక్క వేలు. వారం లోపల ఇస్తానని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పినాను. రోజూ పొద్దున ఒకసారి మా వాకిట్లో నుంచి పోతాది. ఏమీ అడగదు. చూసి పోతాది.

రెండు ముక్కలు రాయి.

మీ అక్క
రేణుకాదేవి


ఆత్మకూరు,
12 జూన్ 2024

అక్కకు నమస్కారాలు.

ఉత్తరం అందింది. బావ లేచి తిరుగుతుండాడంటే సంతోషం.

చెక్కు గురించి దిగులు పడబాక. ఆరు లక్షలంటే చిన్న మొత్తం కాదు. అవతలి బ్యాంకు వాళ్ళు సంతకం చూస్తారు, పార్టీని అడుగుతారు. కలెక్షన్‌లో ఉండాది. నేను రోజూ చూస్తానే ఉన్నాను. నా చేతి కింద సీటే అది.

ఈలోగా రాజమోహన్‌తో మాట్లాడి నీ ఖాతాలో పదిహేను వేలు వేయించినాను. బావ మందులకు వాడుకో. పిచ్చయ్య కూతురికి ఏటీఎం కార్డు వాడటం తెలుసు గదా, ఆ అమ్మాయి చేత తీయించుకో.

నీ మేనకోడలు రాధిక ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. కావలిలో హాస్టలు. ఫీజులు మండిపోతుండాయి.

ఆదిశేషమ్మకు ఇంకొక వారం అని చెప్పు.

తమ్ముడు
కోటేశ్వర్


ఉదయగిరి,
8 జులై 2024

కోటీ,

నువ్వు చెప్పిన వారం అయిపోయి ఇంకో మూడు వారాలు అయినాయి.

నిన్న ఆదిశేషమ్మ వాకిట్లో నుంచి పోలేదు. లోపలికి వచ్చి మీ బావ మంచం పక్కన నేల మీద కూర్చుంది. "మునెయ్యా, నా జీవాలు అమ్మినారా, యాడన్నా కట్టేసినారా?" అని అడిగింది. తమాషాకు అడిగినట్టే అడిగింది. మీ బావ నవ్వినాడు. ఆమె పోయినాక నా వైపు తిరిగి, "రేణుకా, పైకం రాలేదు కదా? నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నాడు. బ్యాంకులో ఏదో కాగితం పని ఉండాదన్నాను. ఆ పూట అన్నం సగం వదిలేసినాడు.

పదిహేను వేలు తీసినాను. మందులకే సరిపోయినాయి. మొన్న ఇంకో పదిహేను వేలు పడినాయని పిచ్చయ్య చేత చెప్పి పంపినావు. అది కూడా రాజమోహన్ వేసిందేనా? నాకు ఒకటి అర్థం కాలేదు. చెక్కు మీద ఆరు లక్షలు అని రాసి ఉండాది. చెక్కు పైకం వస్తే ఒకేసారి ఆరు లక్షలు రావాలి గాని, పదిహేను, పదిహేను ఎట్టా వస్తాయి? నేను పదో తరగతే చదివినాను. చదవకపోయినా ఇది తెలుస్తాది.

దాచకుండా చెప్పు. వాడి దగ్గర పైకం లేదా?

అక్క


ఆత్మకూరు,
10 జులై 2024

అక్కా,

నువ్వు ఇంత ఆలోచిస్తావని నాకు తెలియదు. చెప్పేస్తాను. చెక్కు మీద సంతకం సరిగ్గా కలవలేదు. అందుకని ఆ చెక్కుతో పని లేకుండా, రాజమోహన్ నేరుగా ఖాతాకు ట్రాన్స్‌ఫర్ చేస్తానన్నాడు. చెన్నైలో పెద్ద గిరాకీదారుడి దగ్గర ఆయన పైకం ఆగిపోయింది. రాగానే మిగతా మొత్తం వేసేస్తాడు. అందాకా కొంచెం కొంచెం వేస్తుండాడు.

నువ్వు ఆయనకు ఫోను చేయబాక. వ్యాపారస్తుడు, మాట పడడు. కోపం వస్తే ఉన్నది కూడా ఆగిపోతాది. ఆత్మకూరుకు కూడా రాబాక. ఎండలు ఇంకా తగ్గలేదు, బావను ఎవరు చూస్తారు? నేను చూసుకుంటాను.

కోటేశ్వర్


ఉదయగిరి,
19 ఆగస్టు 2024

కోటేశ్వర్‌కు,

మూడో పదిహేను వేలు పడినాయి. చాలు. ఇంక ఇట్టా వద్దు.

ఆదిశేషమ్మ కూతురు ఊరి నుంచి వచ్చి మా వాకిట్లో నిలబడి నలుగురూ వినేటట్టు తిట్టి పోయింది. "మా అమ్మ జీవాలు అమ్ముకుని మొగుడికి ఆపరేషన్ చేయించుకున్నారు" అన్నది. ఆపరేషన్ ప్రభుత్వ కార్డు మీద జరిగింది. అయినా పైకం చేతిలో పెట్టకుండా ఆ మాట చెప్పి లాభమేముంది?

నా పాసుపుస్తకం పంపించు. పిచ్చయ్య చేతికి ఇయ్యి.

రేణుకాదేవి


ఆత్మకూరు,
21 ఆగస్టు 2024

అక్కా,

పాసుపుస్తకం ప్రింటింగుకు ఇచ్చినాను, మిషను చెడిపోయింది. బాగైనాక పంపిస్తాను. ఈ నెలాఖరు లోపల మొత్తం తేలిపోతాది. నా మీద నమ్మకం ఉంచు.

కోటేశ్వర్


ఉదయగిరి,
6 సెప్టెంబరు 2024

కోటేశ్వర్‌కు,

ఈ రోజు మధ్యాహ్నం మీ బ్యాంకు ఉదయగిరి బ్రాంచికి పోయినాను. ఖాతా ఆత్మకూరుది కదా, ఇక్కడ చూడరేమో అనుకున్నాను. కౌంటర్లో ఒక అమ్మాయి, మన రాధిక కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, "ఏ బ్రాంచి అయినా చూడొచ్చమ్మా" అని ఆధార్ కార్డు అడిగింది. కొత్త పాసుపుస్తకం ఇచ్చి, మే నెల నుంచి ప్రింటు వేసి ఇచ్చింది.

మే 28న ఆరు లక్షలు వచ్చినట్టు ఉండాది. 29న అదే ఆరు లక్షలు పోయినట్టు ఉండాది. దాని కింద నూట డెబ్బై ఏడు రూపాయలు.

"ఈ నూట డెబ్బై ఏడు ఏందమ్మా?" అన్నాను.

"చెక్కు రిటర్న్ ఛార్జీలు. మీరు వేసిన చెక్కు వెనక్కొచ్చింది. ఇచ్చినాయన ఖాతాలో పైకం లేదు. మీకు మెసేజ్ వచ్చి ఉండాలే?"

"నాకు రాలేదు."

ఆ అమ్మాయి కంప్యూటర్లో చూసి ఒక ఫోను నంబరు చదివింది. నీ నంబరు. ఖాతా తెరిచిన రోజు, "నీకు మెసేజ్‌లు చదవడం రాదులే అక్కా, నాది ఇస్తాను" అని నువ్వే రాసినావు.

"మరి ఈ పదిహేను వేలు మూడుసార్లు ఎవరు పంపినారు?"

"కోటేశ్వర్ అని ఉందమ్మా. మూడూ ఆయనే పంపినాడు. తెలిసినాయనేనా?"

తెలిసినాయనే అన్నాను.

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. నాకు కోపం రాలేదు కోటీ. భయం వేసింది. చెక్కు పోయిన భయం కాదు. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఇంటికి వచ్చి మళ్ళీ చదివినాను. ఒక్కో వాక్యం ఎంత బాగా రాసినావు! సంతకం కలవలేదన్నావు. పాసుపుస్తకం మిషను చెడిపోయిందన్నావు. నా దగ్గర ఇంత తేలిగ్గా అబద్ధం రాయగలవని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

రేపు వినాయక చవితి, ఎల్లుండి ఆదివారం. సోమవారం నేను ఆత్మకూరుకు వస్తుండాను. ఆ చెక్కు, దాంతో వచ్చిన కాగితం తీసి పెట్టు.

రేణుకాదేవి


ఆత్మకూరు,
10 సెప్టెంబరు 2024

అక్కా,

నిన్న నువ్వు క్యూలో నిలబడినావు. నీ ముందు ఆరుగురు ఉన్నారు. పిలిస్తే పక్క నుంచి వస్తావేమోనని రెండుసార్లు చూసినాను. రాలేదు. వంతు వచ్చినాక, "నా ఖాతా చెక్కు రిటర్న్ మెమో ఇవ్వండి" అన్నావు. "ఇవ్వండి" అన్నావు నన్ను. నా సొరుగులో నుంచి చెక్కు, మెమో రెండూ తీసి ఇచ్చినాను. మడత విప్పి చదువుకున్నావు. "ఇది నాకు ఈ రోజే అందిందని రాసిస్తారా?" అని అడిగినావు. నేను పెన్ను పక్కన పెట్టేసినాను. నువ్వు పక్క కౌంటరుకు పోయి మేనేజరు చేత ముద్ర వేయించుకుని పోయినావు. ఆయన సాయంత్రం దాకా నా వైపే చూస్తా ఉన్నాడు.

జరిగింది చెప్తాను. మే 29న మెమో వచ్చింది. ఆ రోజే రాజమోహన్ బ్రాంచికి వచ్చినాడు. "నెల రోజులు ఓపిక పట్టు కోటేశ్వర్, మీ అక్కకు చెప్పబాక, చెక్కు బౌన్సయిందని నలుగురికీ తెలిస్తే మార్కెట్లో నాకు ఒక్క గొర్రె కూడా ఎవరూ అప్పుగా ఇవ్వరు" అన్నాడు. నేను తెచ్చిన మనిషి కదా. నీ ముందు తల దించుకోవాల్సి వస్తాదని ఒప్పుకున్నాను. నెల అని రెండు నెలలు చేసినాడు. ఇప్పుడు ఫోను ఎత్తడం లేదు.

నీకు పంపింది నా పైకమే. నువ్వు ఇబ్బంది పడకూడదని పంపినాను.

అంతే అక్కా. ఇంతకన్నా ఏమీ లేదు.

కోటి


ఉదయగిరి,
16 సెప్టెంబరు 2024

కోటేశ్వర్‌కు,

తొమ్మిదో తేదీ సోమవారమే ఆత్మకూరు కోర్టు దగ్గర లాయరు లిదియమ్మ గారిని కలిసినాను. ఆమె చెక్కు, మెమో రెండూ బల్ల మీద పెట్టుకుని, వేళ్ళ మీద లెక్క వేసి చెప్పింది. నీకు తెలిసే ఉంటాది, అయినా రాస్తాను.

చెక్కు వెనక్కొచ్చిందని బ్యాంకు చెప్పిన రోజు నుంచి ముప్పై రోజుల్లో నోటీసు పంపాలి. పంపితే అవతలి మనిషికి పదిహేను రోజులు గడువు. అప్పుడూ ఇవ్వకపోతే ఇంకో నెలలో కేసు వేయాలి. ఇందులో మొదటి ముప్పై రోజులు తప్పితే కేసు నిలబడదు. కోర్టు కూడా ఆ తప్పును మన్నించదంట.

"మళ్ళీ చెక్కు వేస్తే?" అన్నాను.

"వేసి ఉంటే బతికిపోయేవారమ్మా. మళ్ళీ తిరిగొస్తే మళ్ళీ ముప్పై రోజులు మొదలయ్యేవి. కాని చెక్కుకు ప్రాణం మూడు నెలలే. మే ఇరవై నాలుగు తేదీ. ఆగస్టుతో పోయింది" అన్నది.

ఆగస్టు పంతొమ్మిదిన నేను పాసుపుస్తకం అడిగినాను కోటీ. ఇరవై ఒకటిన నువ్వు మిషను చెడిపోయిందని రాసినావు. ఆ రోజుకు ఇంకా రెండు మూడు రోజులు ఉన్నాయి.

ఇప్పుడు మిగిలింది ఒకటే దారి. బ్యాంకు నాకు చెప్పింది సెప్టెంబరు తొమ్మిదిన అని నిలబెట్టుకోవాలి. మేనేజరు ముద్ర ఉండాది కాబట్టి నోటీసు పన్నెండున రిజిస్టరు పోస్టులో పంపినాము.

నేను మీ ఇంటి వీధి మీదుగానే బస్టాండుకు పోయినాను. రాధిక సెలవులకు వచ్చినట్టుంది, మేడ మీద బట్టలు ఆరేస్తా కనిపించింది. పిలవలేదు.

రేణుకాదేవి


ఆత్మకూరు,
20 సెప్టెంబరు 2024

అక్కా,

నోటీసు సంగతి రాజమోహన్ ఫోను చేసి చెప్పినాడు. వాడు ఊరికే ఉండడు. ఈ కేసు నడిస్తే నా ఉద్యోగం పోతాది. ఇంకా పద్నాలుగేళ్ళ సర్వీసు ఉంది. ఇంటి లోను ఉంది. రాధిక ఉంది.

నిన్ను ఒకటి అడుగుతుండాను. జూన్ నుంచి నేను రాసిన ఉత్తరాలు నాకు తిప్పి పంపించు. లేదంటే పొయ్యిలో వేసెయ్. లాయరుకు మాత్రం చూపించబాక. నీ ఆరు లక్షలు నెలకు ఇంత అని నేనే కట్టుకుంటా. ప్రమాణం చేస్తాను.

కోటి


ఉదయగిరి,
3 అక్టోబరు 2024

కోటీ,

రాజమోహన్ లాయరు దగ్గర నుంచి జవాబు వచ్చింది. లిదియమ్మ గారు చదివి వినిపించింది. చెక్కు ఏదో హామీ కింద ఇచ్చినాడంట. అది వదిలెయ్. దాని కింద రాసింది చూడు. మెమో నాకు మే ముప్పైనే అందిందంట. మీ బ్రాంచి రిజిస్టరులో నేను తీసుకున్నట్టు సంతకం ఉండాదంట. రేణుకాదేవి అని. తేదీతో సహా.

"మీరు ఆ రోజు ఆత్మకూరుకు వచ్చినారా?" అని లాయరమ్మ అడిగింది.

"లేదు. ఈ ఎండాకాలం నుంచి ఆత్మకూరు ముఖం చూసిందే సెప్టెంబరులో."

"మరి ఆ సంతకం ఎవరిది?"

ఆమె కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "రిజిస్టరులో సంతకం సంగతి అవతలి వాడికి ఎట్టా తెలిసిందో అది కూడా ఆలోచించండి" అన్నది.

ఆలోచించినాను. నువ్వే చెప్పి ఉంటావు. "పని అయిపోయింది, భయపడబాక" అని వాడికి ధైర్యం చెప్పి ఉంటావు. సెప్టెంబరు పదో తారీఖు ఉత్తరంలో "ఇంతకన్నా ఏమీ లేదు" అని రాసినావు. ఇంకా ఎన్ని ఉండాయి కోటీ?

ఇంటికి వచ్చి ఈసారి మీ బావకు అన్నీ చెప్పినాను. నీ ఉత్తరాలన్నీ వరసగా చదివి వినిపించినాను. తిడతాడనుకున్నాను. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని విన్నాడు. చివరికి, "ఇవి కోర్టులో ఇస్తే కేసు నిలబడతాదా?" అని అడిగినాడు.

"నిలబడతాదంట. మెమో నా తమ్ముడే దాచినాడని తెలిస్తే, నాకు తెలిసింది సెప్టెంబరులోనే అని ఒప్పుకుంటారంట."

"ఇవ్వకపోతే?"

"ఇంకో దావా వేసుకోవచ్చంట. ఎన్నేళ్ళు పడతాదో తెలియదు."

కళ్ళు తెరిచి అన్నాడు. "వాడి ఉత్తరాలు నువ్వు ఇస్తే, అక్క తమ్ముణ్ణి పట్టించింది అవుతాది. వాడు పోయి చెప్పుకుంటే, తప్పు చేసినవాడు ఒప్పుకున్నాడు అవుతాది. కోర్టుకు రెండూ ఒకటే. మనకు కాదు. వాడిని అడుగు. నువ్వు మాత్రం ఇయ్యబాక."

అందుకని అడుగుతుండాను. ఉత్తరాలు కాల్చలేదు. తిప్పి పంపడం లేదు. లాయరుకు ఇవ్వలేదు. కేసు వేయడానికి ఈ నెల ఇరవై ఎనిమిది దాకా గడువు ఉండాది. ఆ రోజు దాకా నేను వాటిని ముట్టుకోను. ఆ తరవాత ఏం చేస్తానో నాకే తెలియదు. ఆదిశేషమ్మ ముఖం చూసి చెప్పాల్సింది నేను, మీ బావ కాదు.

నెలకు ఇంత కడతానన్నావు. నీ జీతం నాకు వద్దు. నా జీవాల పైకం కావాలి.

అక్క


ఆత్మకూరు,
22 అక్టోబరు 2024

అక్కా,

పంతొమ్మిది రోజులు జవాబు రాయలేదు. ఏడెనిమిది కాగితాలు రాసి చించినాను. పిచ్చయ్య రోజూ బ్యాంకు ముందు వ్యాను ఆపి హారన్ కొట్టేవాడు. తల అడ్డంగా ఊపి పంపించేవాణ్ణి.

ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగినావు. రెండు.

సంతకం నాదే. మే ముప్పైన రిజిస్టరు మేనేజరు చూస్తాడని, నీ పేరు నేను రాసినాను. నీ 'ణు' ఎట్టా రాస్తావో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

రెండోది. జీవాలు లారీ ఎక్కిన రోజే రాజమోహన్ నా ఫోనుకు ముప్పై వేలు పంపినాడు. బేరం కుదిర్చినందుకు. రాధిక హాస్టలుకు కట్టాలి, తీసుకున్నాను. బ్యాంకులో పనిచేసే మనిషి ఖాతాదారు బేరంలో కమిషన్ తీసుకోకూడదు, అందులోనూ సొంత అక్క మీద. 29న వాడు వచ్చి ఊరికే బతిమాలలేదక్కా. ఫోను తీసి ఆ ముప్పై వేలు పంపిన చీటీ చూపించి, "మీ మేనేజరుకు కూడా చూపించమంటావా?" అన్నాడు. ఆ తరవాత ప్రతిసారీ అదే చూపించినాడు. నీకు పంపిన మొదటి రెండు పదిహేనులు ఆ కమిషన్ పైకమే. మూడోది ఒక్కటే నా జీతం.

నిన్న పొద్దున బ్యాంకు తెరవకముందే మేనేజరు గదిలోకి పోయి, ఇవన్నీ రాసి సంతకం పెట్టి ఇచ్చినాను. ఆయన చదివి, "ఇది వెనక్కి తీసుకుంటావా? ఇంకా ఇన్‌వర్డ్ రిజిస్టరులో ఎక్కించలేదు" అన్నాడు. మంచాయన. వద్దన్నాను. మధ్యాహ్నానికి సస్పెన్షన్ కాగితం ఇచ్చినారు. సొరుగు తాళాలు అప్పజెప్పి, నేరుగా లిదియమ్మ గారి దగ్గరికి పోయినాను. మెమో, మెసేజ్ రెండూ నేనే దాచినానని, సెప్టెంబరు తొమ్మిదిన మాత్రమే నీ చేతికి ఇచ్చినానని అఫిడవిట్ ఇచ్చినాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మంచినీళ్ళు ఇప్పించింది.

ఇంట్లో మీ మరదలు రెండు రోజులుగా మాట్లాడడం లేదు. రాధికకు ఇంకా తెలియదు. నేనే చెప్పాలి.

నా ఉత్తరాలు నీ ఇష్టం. ఇంక వాటిలో దాచాల్సింది లేదు.

కోటి


ఉదయగిరి,
12 మార్చి 2025

కోటీ,

కేసు తేలిపోయింది. నీకు ఎవరో చెప్పే ఉంటారు, అయినా నా చేత్తో రాయాలని కూర్చున్నాను.

నీ అఫిడవిట్ చూసినాక కోర్టు కేసు తీసుకుని రాజమోహన్‌కు సమన్లు పంపింది. మొదట రెండు వాయిదాలకు రాలేదు. మూడో వాయిదాకు వచ్చినాడు. నన్ను వరండాలో చూసి, "నీ తమ్ముణ్ణే రోడ్డున పడేసినావు గదమ్మా" అన్నాడు. "పడేసింది నువ్వు, లేచి నిలబడింది వాడు" అన్నాను. లాయరమ్మ నా చెయ్యి గిల్లింది, మాట్లాడబాక అని. జైలు అన్న మాట వాళ్ళ లాయరు వాడికి అర్థమయ్యేటట్టు చెప్పి ఉంటాడు. పోయిన శనివారం లోక్ అదాలత్‌లో రాజీకి ఒప్పుకున్నాడు. దానికి ముందు రోజే మూడు లక్షలు నా ఖాతాకు పంపినాడు. మిగతా మూడు లక్షలు వచ్చినాక గాని సంతకం పెట్టనని కూర్చున్నాను. మధ్యాహ్నం పన్నెండున్నరకు పడినాయి. అప్పుడు పెట్టినాను.

ఆ సాయంత్రమే ఆదిశేషమ్మ ఇంటికి పోయినాను. రెండు లక్షల ఇరవై ఒక్క వేలు, దాని మీద పది నెలల వడ్డీ కింద ఆ కమిషన్ ముప్పై వేలు కూడా పిచ్చయ్య కూతురి చేత ఆమె ఖాతాకు పంపించినాను. ఆ ముప్పై వేలు మందులకు ఖర్చయినా, లెక్కలో నా దగ్గర ఉంచుకోబుద్ధి కాలేదు. ఆమె పైకం వచ్చిందా అని అడగలేదు. "మునెయ్య అన్నం తింటుండాడా?" అని అడిగింది. నేను అక్కడే ఏడ్చేసినాను. ఆమె కూతురు నీళ్ళు తెచ్చిచ్చింది.

నీ జీతంలో నుంచి పంపిన పదిహేను వేలు నీకు తిప్పి పంపినాను. చూసుకో.

మీ బావ ఎనిమిది గొర్రె పిల్లల్ని కొనిపించినాడు. వాకిట్లోనే కట్టేసి, మంచం మీద కూర్చుని ఆకు మేపుతుండాడు. కొండెక్కలేడు, అయినా చేతులు ఊరుకోవు.

ఇంక అసలు సంగతి. నిన్న మీ బ్యాంకు నుంచి నాకు కాగితం వచ్చింది. ఇరవై ఐదో తేదీ నీ మీద విచారణంట. నేను సాక్షిగా రావాలంట, నీకు వ్యతిరేకంగా, బ్యాంకు తరఫున. లిదియమ్మ గారికి చూపించినాను. రావడం మానుకోవచ్చా అని అడగలేదు. ఏం చెప్పాలని అడిగినాను. "మీకు తెలిసింది చెప్పండి" అన్నది.

నాకు తెలిసింది చెప్తాను. రిజిస్టరులో నా సంతకం పెట్టింది నా తమ్ముడే అని చెప్తాను. మూడు నెలలు నాకు అబద్ధాలు రాసినాడని చెప్తాను. వాళ్ళు అడిగితే ఆ ఉత్తరాలు చూపిస్తాను. మీ మేనేజరు కాగితం వెనక్కి ఇస్తానన్నా తీసుకోలేదని కూడా చెప్తాను. వాడు నోరు విప్పకపోతే ఆదిశేషమ్మకు ఈ రోజు కూడా పైకం అందేది కాదని చెప్తాను. ఒకటి చెప్పి ఒకటి మింగేది లేదు. దాని తరవాత ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో వాళ్ళ ఇష్టం.

నేను ఇంకా నిన్ను మన్నించలేదు కోటీ. మన్నిస్తానో లేదో కూడా తెలియదు. తెలియనిది రాయను.

ఆ రోజు నువ్వు నాకు ఎదురుగా కూర్చుంటావంట. తల వంచుకోబాక. నేను చెప్పేవి రెండూ తలెత్తి విను.

మీ అక్క
రేణుకాదేవి